పాల కేంద్రం యాప్‌ను మొదటి రోజు నుంచే తెలుగులో కట్టిన అనుభవం

పాల సేకరణ కేంద్రాల లెక్కల కోసం ఒక వెబ్‌సైట్, ఒక ఆండ్రాయిడ్ యాప్ తయారు చేసే పని మా చిన్న బృందానికి వచ్చింది. ఉదయం పూట, సాయంత్రం పూట ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, పది రోజుల బిల్లు ఎంతయింది, ఇవే అందులో ఉండాల్సిన లెక్కలు. వాడేది కేంద్రం సెక్రటరీలు, పాడి రైతులు. అంతా తెలుగులోనే ఉండాలి. ముందు ఇంగ్లిష్‌లో కట్టేసి, ఆఖర్లో స్ట్రింగ్స్ ఫైలు (తెర మీద కనిపించే మాటలుండే ఫైలు) ఒక్కటి తెలుగు చేద్దామని మొదటి మీటింగులో మాట వచ్చింది. నేను వద్దన్నాను. మొదటి రోజు నుంచే స్క్రీన్ మీద తెలుగు కనిపించాలని పట్టుబట్టాను. అలా చేయడం వల్ల ఏమేం ముందుగానే బయటపడ్డాయో, ఒక్కోదానికి ఏం చేశామో ఇక్కడ రాస్తున్నాను. తెలుగులో వెబ్, మొబైల్ పని చేసేవాళ్లకు వీటిలో చాలావరకు ఎదురవుతాయి.

ముందు మెషీన్ల సంగతి. మా లాప్‌టాప్‌లలో ఉన్నది 8 జీబీ ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (లాప్‌టాప్ మీదే నడిచే నకిలీ ఫోన్), క్రోమ్, నోడ్ సర్వర్ ఒకేసారి తెరిస్తే ఏదీ కదలదు. అందుకని ఎమ్యులేటర్‌ను పక్కన పెట్టి, రైతుల చేతుల్లో ఉండే రకం చవక ఫోన్‌నే యూఎస్‌బీతో తగిలించి పని చేశాం. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. లాప్‌టాప్‌లో 3000 పోర్టు మీద నడిచే సర్వర్ ఫోన్‌కి కనిపించాలంటే ఏడీబీ (లాప్‌టాప్ నుంచి ఫోన్‌తో మాట్లాడే ఆండ్రాయిడ్ పనిముట్టు) రివర్స్ కమాండ్ ఒక్కటి చాలు. ఆ తర్వాత ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టినా లాప్‌టాప్ సర్వరే తెరుచుకుంటుంది. వైఫై ఐపీ అడ్రస్ మారిందా లేదా అని వెతుక్కునే టెన్షన్ ఉండదు. ఎమ్యులేటరే వాడేవాళ్లు మాత్రం లోకల్‌హోస్ట్ బదులు 10.0.2.2 ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ లేకుండా వైఫై మీద కూడా పెయిర్ చేయొచ్చు కానీ, మా ఆఫీసు నెట్‌వర్క్‌లో కేబులే నమ్మకంగా పనిచేసింది.

గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) చిన్న సెట్టింగ్ ఒకటి. ఫైలు పేరు తెలుగులో ఉంటే గిట్ స్టేటస్‌లో పేరు బదులు వెనక్కి వాలిన గీతలు, అంకెలు కనిపిస్తాయి. కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే పేరు పేరుగా కనిపిస్తుంది. డేటాబేస్ విషయంలో మైఎస్‌క్యూఎల్ టేబుల్స్‌నీ, కనెక్షన్‌నీ రెండింటినీ యూటీఎఫ్8ఎంబీ4 అనే, అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్‌లో పెట్టాం. టేబుల్ ఒక్కటీ సరిగ్గా ఉండి కనెక్షన్ పాత సెట్టింగ్‌లో ఉంటే తెలుగు అంతా ప్రశ్నార్థకాలుగా పడిపోవచ్చు. అలా పడిన డేటా మళ్లీ తిరిగి రాదు. మొదటి రికార్డు ఎక్కించే ముందే చూసుకోవాల్సిన సంగతి ఇది.

తర్వాత చేసిన పని, నాకు ఇప్పటికీ అన్నిటికంటే పనికొచ్చిందనిపించేది, పరీక్ష పేర్ల ఫైలు. డమ్మీ డేటాలో ఇంగ్లిష్ పేర్లు ఉంటే ఏ లోపమూ బయటపడదు. అందుకే వెంకటేశ్వర్లు, లక్ష్మి, శ్రీకృష్ణ, జ్ఞానేశ్వరి, వైదేహి లాంటి పేర్లు, రాష్ట్రం, సాఫ్ట్‌వేర్ లాంటి మాటలు ఒక ఫైలులో పెట్టి ప్రతి స్క్రీన్‌లోనూ అవే వాడాం. వత్తు కింద వత్తు, గుడి, గుడిదీర్ఘం, అన్నీ వాటిలో ఉన్నాయి. జ్ఞ ఎందుకు పెట్టామంటే, 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 లో జ్ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, దీర్ఘం కలిసిన వరుస ఒకటి స్క్రీన్ మీదికి వస్తే యాప్‌లు కూలిపోయేవి. 11.2.6 లో ఆపిల్ దాన్ని సరిచేసింది. అంత పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఒక తెలుగు అక్షరం దగ్గర అలా జరిగిందంటే, మన యాప్‌ను తెలుగు అక్షరాలతో పరీక్షించకుండా వదిలేయడం సబబు కాదు.

పేర్ల ఫైలు పెట్టగానే కనిపించిన మొదటి సమస్య అక్షరాలు తెగిపోవడం. రాష్ట్రం అనే మాటలో ట కింద ర వత్తు బటన్ అంచు దగ్గర సగం మాయమైంది. ఇంగ్లిష్ అక్షరాల కోసం గీసిన డిజైన్‌లో వరుస ఎత్తు అక్షరం సైజుకి 1.2 రెట్లు ఉంటుంది, తెలుగుకి అది చాలదు. వెబ్‌లో మామూలు పాఠానికి లైన్ హైట్ 1.7 దగ్గర పెట్టాం. 1.6 కంటే తగ్గిస్తే రెండు వరుసలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. బటన్లకు, టేబుల్ గడులకు కచ్చితమైన ఎత్తు ఇవ్వడం మానేసి కనీస ఎత్తు మాత్రమే ఇచ్చాం. తెలుగు బటన్ పేర్లు పొడుగ్గా ఉండి రెండు వరుసల్లో పడుతుంటాయి, కాబట్టి ఆ రకంగా కూడా ఇదే మేలు. ఓవర్‌ఫ్లో హిడెన్ (గడి దాటిన భాగాన్ని దాచేసే సెట్టింగ్) అని ఎక్కడెక్కడ ఉందో వెతికి ఒక్కోటీ చూశాం. ఎక్కువ వత్తుల్ని మింగేసింది అదే.

ఆండ్రాయిడ్‌లో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే గుణం ఒకటి ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం లాంటి ఎత్తైన లిపులకు పూర్తి చోటు ఇవ్వాలా, కుదించాలా అన్నది అది చెబుతుంది. ఆండ్రాయిడ్ 15 ను టార్గెట్ చేసే (ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు కట్టిన) యాప్‌లలో ఇది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, ఆండ్రాయిడ్ 16 ను టార్గెట్ చేస్తే ఆఫ్ చేసే వీలే లేదు. టార్గెట్ పెంచిన రోజున పాత స్క్రీన్ల ఎత్తులు మారతాయన్నమాట. మేము ముందునుంచే ఆన్ చేసి పెట్టుకున్నాం కాబట్టి టార్గెట్ మార్చినప్పుడు ఏదీ జరగలేదు.

ఫాంట్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. పాఠం చదవడానికి ఫోన్‌లో ఉన్న ఫాంటే చాలు. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ, ఆపిల్ పరికరాల్లో కోహినూర్ తెలుగు, ఇవన్నీ చదవడానికి బాగున్నవే. పల్లెలో సిగ్నల్ సరిగ్గా లేని చోట పేజీ తెరిచిన రైతుకి ఫాంట్ డౌన్‌లోడ్ అయ్యేదాకా ఖాళీ తెర చూపించడం నాకు ఇష్టం లేదు. శీర్షికలకు మాత్రం సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో రామభద్ర తీసుకున్నాం. మండలి, సురవరం, ఎన్‌టీఆర్ లాంటివి కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫాంట్‌ను మన సర్వర్‌లోనే పెట్టి, సైజు తగ్గించడానికి సబ్‌సెట్ చేసేవాళ్లు (కావాల్సిన అక్షరాలే ఉంచి మిగతావి తీసేసేవాళ్లు) ఒకటి గుర్తుంచుకోవాలి. యూనికోడ్‌లో తెలుగు కోడ్లు (అక్షరాలకు ఇచ్చిన నంబర్లు) 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటాయి. ఆ వరుస ఒక్కటే ఉంచి, అక్షరాల్ని కలిపే లేఅవుట్ ఫీచర్లు తీసేస్తే వత్తులు కలవవు, క కింద ష రాకుండా పొల్లుతో విడివిడిగా నిలబడతాయి. లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని సబ్‌సెట్ కమాండ్‌లో చెప్పాలి. అక్షరాలు కలవాలా, విడిగా ఉండాలా అని చెప్పే 200సీ, 200డీ అనే రెండు కనిపించని గుర్తుల్ని కూడా ఉంచాలి. ఇంకొకటి, తెలుగుకి ఇటాలిక్ రూపం లేదు. బ్రౌజర్ తనంతట తాను అక్షరాన్ని పక్కకి వాల్చేస్తుంది, చూడటానికి బాగోదు. నొక్కి చెప్పాల్సిన చోట బోల్డ్ పెట్టి, వాలు తీసేశాం. లెటర్ స్పేసింగ్ కూడా తెలుగులో సున్నాగానే ఉంచాం.

ఇక అక్షరాల లెక్క దగ్గరికి వస్తాను. ఎక్కువ పని పట్టింది ఇక్కడే. వెంకటేశ్వర్లు అన్న పేరు చూడండి. కంటికి ఐదు అక్షరాలు: వెం, క, టే, శ్వ, ర్లు. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 13 వస్తుంది. ఎందుకంటే ఎత్వం, సున్నా, పొల్లు, కొమ్ము అన్నీ విడివిడి కోడ్‌పాయింట్లు (యూనికోడ్ విడిగా నంబరిచ్చిన గుర్తులు). యూటీఎఫ్-8 లో ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం 39. అదే పేరు వెబ్ అడ్రస్‌లో పెడితే ఒక్కో బైటూ మూడు గుర్తులై 117 గుర్తుల తోక తయారవుతుంది. వాట్సాప్‌లో పంపిన లింకు చూసి సెక్రటరీలు ఇది వైరస్ ఏమో అనుకుంటారని, అడ్రస్‌లో పేరు బదులు సభ్యుడి నంబరు పెట్టాం.

పేరులో మొదటి అక్షరాన్ని గుండ్రటి బొమ్మలో చూపించే అలవాటు యాప్‌లలో ఉంది కదా. శ్రీకృష్ణ పేరులో మొదటి స్థానంలోని గుర్తు తీసుకుంటే శ మాత్రమే వస్తుంది, శ్రీ రాదు. పొడుగు పేరును ఎనిమిదో గుర్తు దగ్గర కత్తిరిస్తే పొల్లు వేలాడుతుంది. దీనికి, పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టే పనిముట్లు, అంటే వెబ్‌లో ఇంటల్ సెగ్మెంటర్, ఆండ్రాయిడ్‌లో ఐసీయూ బ్రేక్ ఇటరేటర్ వాడాలి. వీటిలోనూ ఒక మెలిక ఉంది. సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి 2023 లో వచ్చిన 15.1 వెర్షన్‌తో చేరింది. పాత నియమాలున్న చోట వెంకటేశ్వర్లు ఏడు ముక్కలవుతుంది, శ్ వేరు, వ వేరు. చవక ఫోన్లలో పాత ఆండ్రాయిడే ఎక్కువ. అందుకని ముక్క పొల్లుతో ముగిస్తే తర్వాతి ముక్కను దానికే కలిపే చిన్న ఫంక్షన్ మేమే రాసుకున్నాం. పది వరుసలు కూడా ఉండదు, అన్ని ఫోన్లలో ఒకేలా పనిచేస్తుంది.

పేరులో ఏ గుర్తులు ఒప్పుకోవాలో చెబుతూ సరిచూసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇంకో గండం. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు ఏ నుంచి జెడ్ దాకా మాత్రమే ఒప్పుకుంటాయి. యూనికోడ్ అక్షరాల తరగతి పెడితే సరిపోతుందని చాలామంది చెబుతారు, సరిపోదు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాల తరగతిలో లేవు, అవి గుర్తుల తరగతి. అక్షరాలు కానివన్నీ తీసేయమంటే వెంకటేశ్వర్లు కాస్తా వకటశవరల అవుతుంది. పైథాన్‌లో వర్డ్ క్యారెక్టర్ అనే గుర్తు కూడా గుణింతాన్ని పట్టించుకోదు. ఎల్ (అక్షరాల) తరగతితో పాటు ఎమ్ (గుర్తుల) తరగతిని, 200సీ గుర్తును, ఖాళీని, చుక్కను అనుమతిస్తేనే మన పేర్లు క్షేమంగా లోపలికి వెళతాయి. చుక్క ఎందుకంటే ఇంటిపేరు పొడి అక్షరంగా రాసేవాళ్లు మనలో ఎక్కువ.

వెతకడంలో ఆ 200సీ గుర్తే సమస్య. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట, వ కలిసి వత్తు కాకుండా మధ్యలో ఆ గుర్తు ఉంటుంది, కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. చదివేవాళ్లకు ఒకే మాటైనా కంప్యూటర్‌కి అవి రెండు వేరు మాటలు. ఐత్వాన్ని కూడా ఒక్క కోడ్‌తో రాయొచ్చు, రెండు కోడ్లు కలిపీ రాయొచ్చు. అందుకని వెతకడానికి వేరే కాలమ్ పెట్టాం. అందులోకి వెళ్లే ముందు పేరును ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడి కోడ్లను కలిపి అంతా ఒకే తీరుగా చేసే యూనికోడ్ రూపం) మార్చి, 200సీ, 200డీ తీసేసి, ఖాళీలు తీసేసి, ఎ–ఏ, ఒ–ఓ తేడాలు చెరిపేస్తాం. వెంకటేశ్వర్లు, వేంకటేశ్వర్లు రెండూ ఒకే చోట దొరుకుతాయి, రామారావు, రామా రావు కూడా అంతే. తెరమీద చూపించే పేరు మాత్రం ఆయన ఎలా రాయించుకున్నారో అలాగే ఉంటుంది. అందులో మేము వేలు పెట్టలేదు.

పాత సభ్యుల జాబితా డీటీపీ ఫైలుగా వచ్చింది. జిల్లా పట్టణాల్లో ఏళ్లపాటు తెలుగు టైపింగ్ అను ఫాంట్లలో నడిచింది. అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు. కాపీ చేసి అతికిస్తే అర్థం కాని గుర్తులు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో చాలావరకు మారింది. కానీ పేర్లు కాబట్టి సెక్రటరీని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ చదివించి సరిచేశాం. మనిషి పేరును కన్వర్టర్ మీద వదిలేయకూడదు. బిల్లు మీద పేరు తప్పుగా పడితే రైతుకి డబ్బు మీద కూడా అనుమానం వస్తుంది.

ఎస్సెమ్మెస్‌కి వచ్చేసరికి కథ ఖర్చు మీదికి వెళ్లింది. ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 గుర్తులు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అది దాటితే రెండు మెసేజ్‌లుగా విడిపోయి ఒక్కోదాంట్లో 67 పడతాయి, బిల్లు కూడా రెండింటికి వస్తుంది. నమస్కారం వెంకటేశ్వర్లు గారు అంటే అక్కడికే 27 గుర్తులు అయిపోయాయి. పలకరింపు తీసేసి, ఉదయం పాలు 6.5 లీటర్లు, వెన్న 6.8 అని నేరుగా చెబితే మొత్తం 32. మొత్తం డబ్బు ఎంతో, కేంద్రం పేరేమిటో చెప్పడానికి ఇంకా చోటు మిగిలింది. పూటకో మెసేజ్ కాబట్టి ఆ తేడా చిన్నది కాదు. మన దేశంలో ఇలాంటి మెసేజ్‌ల టెంప్లేట్‌ను ముందుగా డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల మెసేజ్ నమోదు వేదిక) నమోదు చేయించాలి కూడా, కాబట్టి గుర్తులు లెక్కపెట్టుకున్నాకే నమోదుకి వెళ్లడం మంచిది.

తెలుగు వాక్యాన్ని కోడ్‌లో ముక్కలుగా అతికించకూడదన్నది కూడా ఈ పనిలో బాగా తెలిసింది. పేరు పక్కన కు అని పెడితే రాముకు సరిపోతుంది, రవికు అంటే వినలేం. కి, కు ఎక్కడ ఏది రావాలో కోడ్‌లో రాయడం మొదలుపెడితే అది ఆగదు. మన భాషలోనే దీనికి మంచి దారి ఉంది. పేరు పక్కన గారు పెడితే చాలు. గారికి, గారి, గారితో, ఏ పేరుకైనా విభక్తి మారదు, మర్యాదా ఉంటుంది. లక్ష్మి గారికి, వెంకటేశ్వర్లు గారికి అంటే అందరికీ ఒకటే టెంప్లేట్. ఊళ్లకు గారు పెట్టలేం కాబట్టి అక్కడ వాక్యం మానేసి, ఊరు అని రాసి రెండు చుక్కలు పెట్టి పేరు రాశాం. ఒక రోజు, ఐదు రోజులు లాంటి వాటికి ఆండ్రాయిడ్ ప్లూరల్స్‌లో తెలుగుకి రెండు రూపాలు ఉన్నాయి, వాటినే వాడాం. డబ్బు అంకెలకు తెలుగు–భారత్ లోకేల్ (భాష, దేశం చెప్పే సెట్టింగ్) ఇస్తే 1,25,000 అని మన పద్ధతిలోనే కామాలు పడతాయి, అంకెలు కూడా అందరూ చదివే 1, 2, 3 లే వస్తాయి.

బిల్లు పీడీఎఫ్ చేయడం దగ్గర చాలా సమయం పట్టింది. ముందు తీసుకున్న లైబ్రరీలో తెలుగు ఫాంట్ జతచేసినా వత్తులు విడిపోయాయి. ఫాంట్ ఉండటం ఒక ఎత్తు, అక్షరాల్ని కలిపి ఆకారం ఇచ్చే షేపింగ్ ఇంజిన్ ఉండటం ఇంకో ఎత్తు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ మూడింటిలోనూ ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. చాలా పీడీఎఫ్ లైబ్రరీల్లో అది లేదు. కాబట్టి బిల్లును మామూలు వెబ్ పేజీగా రాసి, సర్వర్‌లో తెర లేకుండా నడిచే క్రోమ్‌తో పీడీఎఫ్ తీయించాం. లాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది, సర్వర్‌లో మాత్రం అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు. డాకర్ ఇమేజ్‌లో (సర్వర్‌లో యాప్ నడిచే ప్యాకేజీ) తెలుగు ఫాంటే లేదు. డెబియన్ అయితే ఫాంట్స్-నోటో-కోర్ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. బొమ్మల మీద తెలుగు రాయాల్సి వచ్చినా ఇదే సమస్య. పైథాన్‌లో పిల్లో వాడేవాళ్లు రాక్మ్ లైబ్రరీ జతగా ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే అక్కడా వత్తులు విడిపోతాయి. ఎక్సెల్ కోసం సీఎస్‌వీ ఇస్తుంటే ఫైలు మొదట్లో బీఓఎమ్ (ఇది యూనికోడ్ ఫైలు అని ఎక్సెల్‌కి చెప్పే) గుర్తు పెట్టండి, అది లేకపోతే నేరుగా తెరిచినప్పుడు పేర్లన్నీ గజిబిజి గుర్తులుగా కనిపిస్తాయి.

విడుదలకు ముందు బయటపడ్డ సమస్య మాత్రం మా ఫోన్లలో ఎప్పుడూ కనిపించనిది. యాప్‌లో భాష మార్చే బటన్ ఉంది. కేబుల్‌తో ఎక్కించినప్పుడు తెలుగు నొక్కితే తెలుగు వస్తుంది. ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్ నుంచి దించుకున్న ఫోన్‌లో తెలుగు నొక్కినా ఇంగ్లిషే ఉంది. కారణం యాప్ బండిల్, అంటే ప్లే స్టోర్‌కి యాప్ పంపే ఫైలు రూపం. ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ భాషలుంటే ఆ భాషల స్ట్రింగ్స్ మాత్రమే ప్లే స్టోర్ పంపుతుంది. మన దగ్గర తెలుగు చదివేవాళ్లలోనూ చాలామంది ఫోన్లు ఇంగ్లిష్ సెట్టింగ్‌లోనే ఉంటాయి, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే వాడతారు. వాళ్ల ఫోన్లకు తెలుగు ఫైలు అసలు చేరదు. గ్రేడిల్ ఫైలులో (యాప్ బిల్డ్ సెట్టింగ్స్ ఉండే ఫైలు) బండిల్ విభాగం కింద భాషల స్ప్లిట్‌ను ఆఫ్ చేస్తే అన్ని భాషలూ అందరికీ వెళతాయి. రెండు భాషల యాప్‌కి పెరిగే సైజు చాలా తక్కువ. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఒక్కో యాప్‌కి విడిగా భాష ఎంచుకోవచ్చు కాబట్టి, లోకేల్ కాన్ఫిగ్ ఫైలులో తెలుగు పేరు కూడా రాసిపెట్టాం.

ఇప్పుడు ప్రతి విడుదలకు ముందు, సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ ఒక్కటే ఉన్న ఒక ఫోన్‌లో స్టోర్ నుంచే యాప్ దించి, భాష తెలుగు చేసి, వెంకటేశ్వర్లు గారి పేరు మీద పాలు ఎక్కించి, మెసేజ్, బిల్లు రెండూ వచ్చాయో లేదో చూసి అప్పుడు ముందుకు పంపుతున్నాం.